రక్షిత అతివాహక క్యూబిట్లు: ఒక విమర్శనాత్మక పరిశీలన

విషయక్రమం
1.0 లక్ష్యాలు
1.1 పరిచయం
1.2 ఏ నష్టం నుంచి రక్షణ?
1.3 మొదటి సమాధానం: ట్రాన్స్‌మాన్
1.4 రెండో సమాధానం: సున్నా-పై వలయం
1.5 ప్రయోగశాల ఏం చెప్పింది?
1.6 విమర్శ
1.7 156 అనే అంకెను ఎలా చదవాలి?
1.8 సమీక్ష
1.9 ముఖ్య పదాలు
1.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

1.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• అతివాహక క్యూబిట్‌కు కలిగే రెండు రకాల నష్టాలను వేరుచేసి వివరించగలుగుతారు.
• ట్రాన్స్‌మాన్, సున్నా-పై వలయాల రూపకల్పనలోని గుణదోషాలను పోల్చగలుగుతారు.
• ‘రక్షిత క్యూబిట్’ అనే మాట ఎక్కడ వినిపించినా దాన్ని ఏ ప్రశ్నలతో పరీక్షించాలో చెప్పగలుగుతారు.

1.1 పరిచయం

2025 మే నెలలో ఐబీఎం, టీసీఎస్ సంస్థలు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి అమరావతిలోని క్వాంటమ్ వ్యాలీ టెక్ పార్కులో ఐబీఎం క్వాంటమ్ సిస్టమ్ టూ యంత్రాన్ని నెలకొల్పుతామని ప్రకటించాయి. అందులోని హెరాన్ ప్రాసెసర్‌లో 156 క్యూబిట్లు ఉంటాయని చెప్పాయి. ఈ అంకె పత్రికల్లోనూ సభల్లోనూ చాలాసార్లు వినిపించింది. గోదావరి జిల్లాల్లో కూర్చుని ఈ కోర్సు చదువుతున్న మీలో చాలామందికి కూడా క్వాంటమ్ కంప్యూటర్ అనగానే గుర్తొచ్చేది ఆ అంకే కావచ్చు.

క్యూబిట్ల సంఖ్య ఒక ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఒక్కొక్క క్యూబిట్ తనకు అప్పగించిన సమాచారాన్ని ఎంతసేపు చెడకుండా నిలుపుకుంటుంది, దాన్ని చెడగొట్టేది ఏమిటి, ఆ చెడుపు నుంచి కాపాడే పని ఎవరిది అనే ప్రశ్నలకు అందులో జవాబు లేదు. ఈ చివరి ప్రశ్నకు శాస్త్రవేత్తలు రెండు దారులు చూపుతున్నారు. మామూలు క్యూబిట్లను ఎక్కువ సంఖ్యలో పెట్టి, తప్పులను ఎప్పటికప్పుడు కనిపెట్టి దిద్దుకోవడం ఒక దారి. తప్పు జరగడానికే అవకాశం లేని విధంగా వలయాన్ని మలచుకోవడం రెండో దారి. రెండో దారిలో రూపొందేవాటినే రక్షిత క్యూబిట్లు అంటారు.

ఈ భాగం రెండో దారిని వివరించడంతో ఆగదు. ఆ దారి చేసిన వాగ్దానం ఎంతవరకు నిలబడిందో తూచి చూస్తుంది. సిద్ధాంతం చెప్పింది, ప్రయోగశాలలో చేసింది, ఆ రెంటికీ మధ్య ఉన్న దూరం, ఈ మూడింటినీ విడివిడిగా చూడటం విమర్శకు మొదటి మెట్టు.

1.2 ఏ నష్టం నుంచి రక్షణ?

ముందు ఒక మాట. ఈ శాస్త్రంలో ‘నాయిస్’ అనే పదాన్ని రొద అనో శబ్దం అనో అనువదిస్తే, చెవికి వినిపించేదేదో వలయాన్ని పాడుచేస్తున్నట్లు అనిపిస్తుంది. ఇక్కడ నాయిస్ అంటే వలయానికి మనం ఇవ్వని, మన అదుపులో లేని చిన్న చిన్న మార్పులు. అల్యూమినియం ఆక్సైడ్ పొరలో చిక్కుకున్న ఒక ఆవేశం చోటు మారవచ్చు. వలయం గుండా పోయే అయస్కాంత అభివాహం కొద్దిగా ఊగవచ్చు. విద్యున్నిరోధక పదార్థంలోని లోపాలు శక్తిని పీల్చుకోవచ్చు. వీటన్నిటికీ మూలం వేరు, వేగం వేరు. అందువల్ల ‘నాయిస్ నుంచి రక్షణ’ అని గుత్తగా చెప్పే వాక్యం అసంపూర్ణం. ఏ నాయిస్ నుంచి అని అడగాలి.

మూలాలు ఎన్ని ఉన్నా క్యూబిట్‌కు కలిగే నష్టాలు ప్రధానంగా రెండు.

మొదటిది సడలింపు. పై స్థాయిలో ఉన్న క్యూబిట్ శక్తిని కోల్పోయి కింది స్థాయికి పడిపోవడం. ఇందుకు పట్టే సగటు కాలాన్ని టి1 అంటారు. రెండోది దశ చెదిరిపోవడం. ఇందులో స్థాయి మారదు. రెండు స్థాయిల మధ్య శక్తి తేడా అటూ ఇటూ ఊగడం వల్ల, వాటి అధ్యారోపణలో ఉన్న దశ ఎంతో తెలియకుండా పోతుంది. రెండు నష్టాలూ కలిసిన తరవాత మిగిలే కాలం టి2. దశ చెదరకుండా పూర్తిగా ఆపగలిగినా టి2 విలువ టి1కు రెట్టింపును మించదు.

మన లంక గ్రామాలను గుర్తు తెచ్చుకోండి. గోదావరి పాయల మధ్య రెండు లంకలు ఉన్నాయనుకుందాం. ఒక లంకలోని మనిషి తనకు తెలియకుండానే రెండో లంకకు చేరిపోతే అది సడలింపు. మనిషి కదలకపోయినా, రెండు లంకల ఎత్తుల తేడా రోజుకో రకంగా మారుతూ ఉంటే అది దశ చెదరడం. సంపూర్ణ రక్షణ కావాలంటే రెండు షరతులు తీరాలి. లంకల మధ్య రాకపోకలు ఉండకూడదు. బయట ఏం జరిగినా వాటి ఎత్తుల తేడా మారకూడదు. మొదటి షరతును ‘తరంగ ప్రమేయాలు ఒకే చోట ఉండకపోవడం’ అనీ, రెండో షరతును ‘శక్తి తేడా నిలకడగా ఉండటం’ అనీ చెప్పుకోవచ్చు. ఈ భాగంలోని ప్రతి వలయాన్నీ ఈ రెండు కొలబద్దలతోనే కొలుద్దాం.

1.3 మొదటి సమాధానం: ట్రాన్స్‌మాన్

1999లో జపాన్‌లో నకమురా, పాష్కిన్, సాయ్ కలిసి అతివాహక ఆవేశ పెట్టెలో క్వాంటమ్ స్థితిని కాలంతోపాటు నడిపించి చూపించారు. అది నిలిచిన కాలం నానోసెకన్లలోనే. చుట్టుపక్కల ఆవేశం ఏమాత్రం కదిలినా శక్తి తేడా మారిపోయేది. 2002లో ఫ్రాన్స్‌లోని సాక్లే బృందం ఒక ఉపాయం కనిపెట్టింది. ఆవేశంతో శక్తి మారే వక్రరేఖలో వాలు సున్నాగా ఉన్న బిందువు దగ్గర క్యూబిట్‌ను నిలిపింది. అంతర్వేది దగ్గర సముద్రపు పోటు నిండిన వేళ నీటిమట్టం కాసేపు కదలనట్టే ఉంటుంది కదా, అటువంటి బిందువు అది. కాలం మైక్రోసెకను దాకా నిలవగలదని ఆ ప్రయోగం చూపింది. అయితే పోటు నిలకడ కొద్దిసేపే. ఆవేశం పెద్దగా కదిలితే ఆ బిందువు నుంచి జారిపోక తప్పదు.

2007లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి జెన్స్ కాక్, సహచరులు ప్రచురించిన ట్రాన్స్‌మాన్ రూపకల్పన ఇంకో విధంగా ఆలోచించింది. శిఖరం మీద నిలబడటానికి బదులు, నేల మొత్తాన్ని చదును చేసింది. జోసెఫ్సన్ సంధికి పక్కన పెద్ద కెపాసిటర్ కలిపి, జోసెఫ్సన్ శక్తిని చార్జింగ్ శక్తి కంటే ఎన్నో రెట్లు పెంచింది. అప్పుడు ఆవేశం ఎటు కదిలినా శక్తి తేడా దాదాపు మారదు. కోనసీమ నేల మీద ఎటు నడిచినా ఎత్తు మారనట్లే.

దీనికి మూల్యం ఉంది. డెల్టా రైతుకు ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు. నేల మరీ చదునైతే మురుగు లాగదు. ట్రాన్స్‌మాన్‌లో చదును పెరిగేకొద్దీ శక్తి స్థాయిల మెట్లన్నీ ఒకే ఎత్తుకు దగ్గరవుతాయి. మొదటి మెట్టుకు ఇచ్చిన మైక్రోవేవ్ సంకేతం రెండో మెట్టును కూడా కదిలించే ప్రమాదం పెరుగుతుంది. మెట్ల ఎత్తుల మధ్య ఉండే ఈ తేడాను అసమత అందాం.

ట్రాన్స్‌మాన్ గొప్పతనమంతా ఈ లాభనష్టాల లెక్కలో ఉంది. రెండు శక్తుల నిష్పత్తిని 8తో గుణించి వర్గమూలం తీయండి. నిష్పత్తి 50 అయితే 400కు వర్గమూలం 20. మిగతా గుణకాలను పక్కన పెడితే, ఆవేశ నాయిస్ ప్రభావం ‘ఈ’ అనే సంఖ్య రుణ 20వ ఘాతంలా, అంటే సుమారు 50 కోట్లలో ఒక వంతుకు తగ్గుతుంది. సాపేక్ష అసమత 20లో ఒక వంతు, అంటే 5 శాతం దగ్గర నిలుస్తుంది. నిష్పత్తిని 200 చేస్తే వర్గమూలం 40. నాయిస్ ప్రభావం మళ్లీ 50 కోట్లలో ఒక వంతుకు తగ్గుతుంది. అసమత మాత్రం సగమే తగ్గి 2.5 శాతం అవుతుంది. నష్టం మెల్లగా నడుస్తుంటే లాభం పరుగెత్తుతోంది. నేటి అతివాహక యంత్రాల్లో అధికభాగం, ఐబీఎం హెరాన్‌తో సహా, ట్రాన్స్‌మాన్ మీదే నిలబడి ఉన్నాయంటే కారణం ఈ లెక్కే.

ఇప్పుడు మన కొలబద్దలను పెడదాం. రెండో షరతు ఆవేశ నాయిస్ విషయంలో బాగా తీరింది. మొదటి షరతు అసలు తీరలేదు. ట్రాన్స్‌మాన్ రెండు స్థితులూ ఒకే శక్తి లోయలో, ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. పడిపోవడానికి దారి తెరిచే ఉంది. దాన్ని నెమ్మదింపజేసేది పదార్థాల శుభ్రతే తప్ప వలయ రూపకల్పన కాదు. కాబట్టి ట్రాన్స్‌మాన్‌ను ‘సగం రక్షిత క్యూబిట్’ అనడం న్యాయం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
అ) జోసెఫ్సన్, చార్జింగ్ శక్తుల నిష్పత్తి 72 అయితే సాపేక్ష అసమత సుమారు ఎంత శాతం?
ఆ) ట్రాన్స్‌మాన్‌లో టి1ను పెంచడానికి వలయ రూపకల్పన ఎందుకు తోడ్పడదు?

1.4 రెండో సమాధానం: సున్నా-పై వలయం

మొదటి షరతు తీరాలంటే రెండు స్థితులను రెండు వేర్వేరు లోయల్లో ఉంచితే చాలదా? చాలదు. ఒకే ఒక చరరాశి ఉన్న వలయంలో రెండు షరతులూ ఒకదానితో ఒకటి తగాదా పడతాయి. అతివాహక దశ అనే చరరాశిలో రెండు లోయలు తీసుకుని ఒక్కొక్క స్థితిని ఒక్కొక్క లోయలో బంధిస్తే రాకపోకలు ఆగిపోతాయి. కానీ బయటి అయస్కాంత అభివాహం కొద్దిగా మారితే ఒక లోయ పైకి లేస్తుంది, రెండోది కిందికి దిగుతుంది. ఎత్తుల తేడా నేరుగా మారిపోతుంది. అభివాహాన్ని పట్టించుకోకుండా ఉండాలంటే స్థితి అనేక లోయల మీద పరుచుకోవాలి. పరుచుకుంటే రెండు స్థితులూ మళ్లీ ఒకే చోటికి వస్తాయి. ఈ పేచీ తీరాలంటే కనీసం రెండు చరరాశులు కావాలి. ఒక దిక్కులో విడిగా ఉండాలి, రెండో దిక్కులో పరుచుకుని ఉండాలి.

సున్నా-పై వలయంలోని ఆలోచన ఇదే. మూలం అలెక్సీ కితాయెవ్ 2006లో చేసిన ప్రతిపాదన. పీటర్ బ్రూక్స్, కితాయెవ్, జాన్ ప్రెస్కిల్ 2013లో దాన్ని విస్తరించి, ద్వారాలను కూడా రక్షితంగా నడిపే పద్ధతి చెప్పారు. వలయంలో నాలుగు కూడళ్లు ఉంటాయి. రెండు జోసెఫ్సన్ సంధులు, రెండు చాలా పెద్ద ఇండక్టర్లు, వాటిని అడ్డంగా కలిపే రెండు పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. ఒక చరరాశి బరువైనది. దానిలో ఒక స్థితి సున్నా దగ్గర, మరొకటి పై దగ్గర కుదురుగా కూర్చుంటాయి. పేరు అందుకే వచ్చింది. రెండో చరరాశి తేలికైనది. దానిలో రెండు స్థితులూ అనేక లోయల మీద పరుచుకుంటాయి. విలువలు తగినంత పెద్దవైతే రెండు స్థితుల శక్తులూ దాదాపు సమానమవుతాయి. అభివాహం మారినా, ఆవేశం మారినా ఆ సమానత్వం ఘాతీయంగా తక్కువగా మాత్రమే చెదురుతుంది.

ఇది కాగితం మీద అందమైన వాదం. రెండు షరతులూ ఒకే వలయంలో, ఒకేసారి తీరుతున్నాయి. సమాచారం ఏ ఒక్క చోటా లేదు గనక ఏ ఒక్క చోట జరిగిన చిన్న మార్పూ దాన్ని చదవలేదు, చెరపలేదు. దీని విలువను తక్కువ చేసి చూపడం ఈ భాగం ఉద్దేశం కాదు. ఒకే చరరాశితో సంపూర్ణ రక్షణ ఎందుకు కష్టమో తేటతెల్లం చేయడమే ఈ సిద్ధాంతం చేసిన పెద్ద మేలు.

1.5 ప్రయోగశాల ఏం చెప్పింది?

2021లో ఆండ్రాష్ గ్యెనిష్, సహచరులు ఈ వలయాన్ని ప్రయోగాత్మకంగా నిర్మించి ఫలితాలు ప్రచురించారు. వారు తమ వలయాన్ని ‘మెత్తని’ సున్నా-పై అన్నారు. సిద్ధాంతం కోరిన లోతైన విలువలు అందలేదు, అందిన విలువలతోనే చేశాం అని ఆ విశేషణంతోనే ఒప్పుకున్నారు. ఆ నిజాయితీని మెచ్చుకోవాలి.

ఫలితాలు ఇవి: టి1 1.6 మిల్లీసెకన్లు. ప్రతిధ్వని పద్ధతిలో కొలిచిన టి2 25 మైక్రోసెకన్లు.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చదవండి. టి1 ఆనాటి ట్రాన్స్‌మాన్ల కంటే ఎంతో మెరుగు. లంకల మధ్య రాకపోకలు నిజంగానే ఆగాయి. మొదటి షరతు తీరింది. కానీ టి1 అంత ఉంటే టి2 గరిష్ఠంగా 3.2 మిల్లీసెకన్ల వరకు ఉండవచ్చు. వచ్చింది అందులో 128వ వంతు. రెండో షరతు తీరలేదు. ఒక చేత్తో గెలిచింది మరో చేత్తో పోయింది.

అదే ఏడాది ప్రిన్స్‌టన్‌కు చెందిన మరో ప్రయోగం కూడా ప్రచురితమైంది. అందులో కొత్త రక్షణ వలయమేమీ లేదు. మామూలు ట్రాన్స్‌మాన్‌నే నయోబియంకు బదులు టాంటలం లోహంతో చేశారు. టి1 0.3 మిల్లీసెకను దాటింది. 2025లో సిలికాన్ మీద టాంటలంతో చేసిన ట్రాన్స్‌మాన్ 1 మిల్లీసెకను హద్దును దాటింది. పెద్ద ఇండక్టర్ తోడున్న ఫ్లక్సోనియం అనే వలయం 1.48 మిల్లీసెకన్ల టి2ను అందుకుంది. అంటే రూపకల్పనలో పెద్ద మార్పు కోసం ఒక బృందం శ్రమిస్తుండగా, లోహాన్ని, ఉపరితలాన్ని శుభ్రం చేసే పని అటువంటి లాభాన్నే మరో దారిలో తెచ్చింది.

1.6 విమర్శ

పై ఫలితాలు చూసి ‘సున్నా-పై ఓడిపోయింది’ అని తేల్చేయడం తొందరపాటు. ఎక్కడ లోపమో విడదీసి చూడాలి. ప్రధానమైన అభ్యంతరాలు నాలుగు.

(1) ‘ఘాతీయ రక్షణ’ షరతులతో కూడిన మాట. తేలికైన చరరాశిలో స్థితి అనేక లోయల మీద పరుచుకోవాలంటే ఇండక్టర్ అవరోధం క్వాంటమ్ నిరోధాన్ని, అంటే సుమారు 6.45 కిలో ఓమ్‌లను బాగా మించాలి. మామూలు తీగచుట్టతో ఇది దాదాపు అసాధ్యం. శూన్యానికి ఉన్న అవరోధమే సుమారు 377 ఓమ్‌లు. అందుకని పదుల కొద్దీ, వందల కొద్దీ జోసెఫ్సన్ సంధులను వరసగా పేర్చి ఇండక్టర్‌గా వాడతారు. ప్రతి సంధీ కొంత అవాంఛిత కెపాసిటెన్స్‌ను వెంట తెస్తుంది. ఏ రెండు సంధులూ అచ్చం ఒకేలా ఉండవు. సిద్ధాంతం రెండు ఇండక్టర్లూ, రెండు కెపాసిటర్లూ సరిసమానం అనుకుంటుంది. ఆ సమానత్వం తప్పితే వలయంలో ఉన్న తక్కువ పౌనఃపున్యపు మూడో చలన విధం క్యూబిట్‌తో ముడిపడుతుంది. ఆ విధంలోని ఉష్ణ ఫోటాన్లు దశను చెదరగొడతాయి. బయటి నాయిస్‌ను ఆపడానికి కట్టిన గోడలోనే కొత్త నాయిస్‌కు చోటు దొరికిందన్నమాట.

(2) శత్రువును ఆపే తలుపు మిత్రుణ్ణి కూడా ఆపుతుంది. లంకల మధ్య రాకపోకలు లేకపోతే దొంగ రాలేడు. చుట్టమూ రాలేడు. క్యూబిట్‌ను సున్నా నుంచి ఒకటికి మార్చడానికి మనం పంపే మైక్రోవేవ్ సంకేతం, నాయిస్ ఏ దారిన వస్తుందో ఆ దారినే వస్తుంది. దారి మూసేస్తే ద్వారం నడపడం కష్టం. 2021 ప్రయోగంలో పై స్థాయిల గుండా చుట్టుతిరిగి వెళ్లే రామన్ పద్ధతి వాడారు. అంటే ప్రతి ద్వారానికీ క్యూబిట్ తన రక్షిత స్థలాన్ని కాసేపు వదిలి, రక్షణ లేని స్థాయిల మీదుగా పంటు ఎక్కి అవతలి ఒడ్డుకు చేరాలి. 2013 సిద్ధాంతం రక్షిత ద్వారాలకు వేరే పద్ధతి చెప్పింది నిజమే. అది కోరే ఇండక్టర్లు క్యూబిట్‌కు కావలసినవాటి కంటే ఇంకా కఠినమైనవి.

అందువల్ల కాలాన్ని మాత్రమే చూసి క్యూబిట్‌కు మార్కులు వేయకూడదు. ఆ కాలంలో ఎన్ని ద్వారాలు నడపగలమన్నదే అసలు లెక్క. టి2 100 మైక్రోసెకన్లు, ద్వారానికి 50 నానోసెకన్లు పట్టే క్యూబిట్ 2,000 ద్వారాలకు చోటిస్తుంది. టి2 పది రెట్లు పెరిగి, ద్వారం ఇరవై రెట్లు నెమ్మదిస్తే 1,000 ద్వారాలకే చోటు. రక్షణ పెరిగింది, పని సగమైంది.

(3) మొదలుపెట్టడమే సమస్య. 5 గిగాహెర్ట్జ్ ట్రాన్స్‌మాన్ శక్తి తేడా ఉష్ణోగ్రతగా చూస్తే సుమారు 0.24 కెల్విన్. శీతలయంత్రం 20 మిల్లీకెల్విన్ దగ్గర ఉంటే క్యూబిట్ తానై కింది స్థాయికి చేరుతుంది. పై స్థాయిలో దొరికే అవకాశం, ఆదర్శ పరిస్థితిలో, లక్షకు ఒకటి కంటే తక్కువ. రక్షిత క్యూబిట్‌లో శక్తులు దాదాపు సమానం. తేడా 100 మెగాహెర్ట్జ్ అనుకుంటే అది 4.8 మిల్లీకెల్విన్‌కు సమానం. శీతలయంత్రం వేడి దానికి నాలుగు రెట్లు. వందసార్లు చూస్తే సుమారు 44 సార్లు పై స్థాయిలోనే కనిపిస్తుంది. చల్లబరిస్తే చాలదు. మొదలుపెట్టే ముందు ప్రతిసారీ వేరే పద్ధతిలో దాన్ని సిద్ధం చేయాలి.

(4) ‘స్థానిక నాయిస్’ అనే ఊహకు హద్దు ఉంది. రక్షిత క్యూబిట్ల సిద్ధాంతమంతా మార్పులు చిన్నవి, ఒక్కచోట జరిగేవి అన్న ఊహ మీద నడుస్తుంది. విశ్వకిరణం ఒకటి చిప్‌ను తాకితే పుట్టే కంపనాలు చిప్ అంతటా పాకి, అతివాహకంలోని ఎలక్ట్రాన్ జంటలను విడగొట్టి, అనేక క్యూబిట్లను ఒకేసారి దెబ్బతీస్తాయని గూగుల్ బృందం ప్రయోగంలో చూసింది. గట్టు మామూలు వరదను ఆపుతుంది. 1986 ఆగస్టులో గోదావరి గట్లు తెగినప్పుడు ఏ ఊరు పల్లంలో ఉంది, ఏది మెరకలో ఉంది అన్న లెక్కలు చాలాచోట్ల పనికిరాలేదు. అటువంటి ఘటనలకు వలయ రూపకల్పన ఒక్కటే జవాబు కాదు. చిప్ పదార్థం, కవచం, దిద్దుబాటు సంకేతం కూడా కావాలి.

ఈ నాలుగింటినీ తట్టుకునే మధ్యేమార్గం ఒకటి ఉంది. రెండు నష్టాలనూ ఆపాలనే పట్టుదల వదిలి, ఒకదాన్ని గట్టిగా ఆపి, రెండోదాన్ని దిద్దుబాటుకు వదిలేయడం. మిర్రాహిమి, సహచరులు 2014లో ప్రతిపాదించిన ‘పిల్లి’ క్యూబిట్లు ఇటువంటివి. ఫోటాన్ల సంఖ్య పెంచేకొద్దీ బిట్ తిరగబడటం ఘాతీయంగా తగ్గుతుంది. దశ తిరగబడటం సరళంగా పెరుగుతుంది. పెరిగిన ఆ ఒక్క తప్పును దిద్దడానికి తేలికైన పునరుక్తి సంకేతం సరిపోతుంది. అమెజాన్ 2025లో వెల్లడించిన ఆసెలాట్ చిప్ ఈ దారిలోదే. ‘సంపూర్ణ రక్షణ’ అనే ఆదర్శం కంటే ‘తెలిసి చేసుకున్న పక్షపాతం’ ఆచరణకు దగ్గరగా ఉందని దీన్నిబట్టి అనుకోవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
అ) టి2 300 మైక్రోసెకన్లు, ద్వార కాలం 60 నానోసెకన్లు అయితే ఎన్ని ద్వారాలకు చోటుంటుంది?
ఆ) ‘శత్రువును ఆపే తలుపు మిత్రుణ్ణి కూడా ఆపుతుంది’ – ఈ అభ్యంతరం ట్రాన్స్‌మాన్‌కు ఎందుకు అంతగా వర్తించదు?

1.7 156 అనే అంకెను ఎలా చదవాలి?

ఇప్పుడు అమరావతికి తిరిగి వద్దాం. హెరాన్‌లోని 156 క్యూబిట్లూ ట్రాన్స్‌మాన్లు. మన కొలబద్ద ప్రకారం సగం రక్షితమైనవి. మిగతా సగం దిద్దుబాటు ద్వారా రావాలి. దానికి ఎన్ని క్యూబిట్లు ఖర్చవుతాయో ఉపరితల సంకేతం లెక్క చెబుతుంది. సంకేతం దూరం 7 అయితే, దూరపు వర్గానికి రెట్టింపు చేసి ఒకటి తీసేయాలి. అంటే ఒకే ఒక తార్కిక క్యూబిట్‌కు 97 భౌతిక క్యూబిట్లు. 2024 డిసెంబరులో గూగుల్ ప్రకటించిన విల్లో చిప్‌లో 105 క్యూబిట్లున్నాయి. దూరాన్ని 3 నుంచి 5కు, 5 నుంచి 7కు పెంచినప్పుడల్లా తప్పుల రేటు సుమారు 2.14 రెట్లు తగ్గింది. ఫలితం గొప్పదే. కానీ వందకు పైగా క్యూబిట్లు పెట్టి సాధించింది ఒక్క తార్కిక క్యూబిట్. హెరాన్ జాలకంలో క్యూబిట్ల అమరిక వేరు గనక అదే సంకేతం నేరుగా సరిపోదు. సరిపోయినా 156లో ఒక్కటే ఇముడుతుంది.

దేశం స్థాయిలో కూడా ఇదే జాగ్రత్త అవసరం. కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్ 19న ఆమోదించిన జాతీయ క్వాంటమ్ మిషన్ వ్యయం 6,003.65 కోట్ల రూపాయలు. ఎనిమిదేళ్లలో 50 నుంచి 1,000 భౌతిక క్యూబిట్ల యంత్రాలు దాని లక్ష్యం. 2024లో ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ, డీఆర్‌డీఓ, టీసీఎస్ కలిసి ఆరు అతివాహక క్యూబిట్ల ప్రాసెసర్‌ను పరీక్షించాయి. లక్ష్య వాక్యంలోని ‘భౌతిక’ అనే విశేషణాన్ని గమనించండి. అది నిజాయితీ గల పదం. చెప్పేటప్పుడు దాన్ని వదిలేస్తే అర్థమే మారిపోతుంది.

ఇక్కడే రక్షిత క్యూబిట్ల పరిశోధనకు ఉన్న అసలు ప్రాముఖ్యం తెలుస్తుంది. ఒక తార్కిక క్యూబిట్‌కు వంద భౌతిక క్యూబిట్లు కావలసి ఉండగా, మెరుగైన క్యూబిట్‌తో ఆ వంద ఇరవైకి తగ్గితే శీతలయంత్రం, తీగలు, ఖర్చు అన్నీ ఆ మేరకు తగ్గుతాయి. ఇప్పటికే పెట్టుబడి పెట్టిన దేశాలతో పోటీలో యంత్రాల సంఖ్య పెంచగల శక్తి మనకు పరిమితం. ఒక మంచి వలయం ఆలోచించడానికి కావలసింది కాగితం, క్వాంటమ్ యాంత్రికశాస్త్రం, ఓపిక. కొన్న యంత్రం మీద పని నేర్చుకోవడం అవసరమే. దాని లోపల ఏముంది, ఏది లేదు అని అడగగలగడం అంతకన్నా అవసరం.

1.8 సమీక్ష

సున్నా-పై వలయం సిద్ధాంతంగా గెలిచింది, పరికరంగా ఇంకా గెలవలేదు. అది ఓడింది ఆలోచనలో కాదు, ఇండక్టర్ తయారీలో, సమానత్వం సాధించడంలో, ద్వారాలు నడపడంలో. పదార్థాల శుభ్రత ట్రాన్స్‌మాన్‌ను ముందుకు నడిపించిందన్నది నిజం. అయితే ఆ శుభ్రత సున్నా-పై వలయానికీ పనికొస్తుంది. పదార్థం మెరుగైతే ట్రాన్స్‌మాన్‌కు లాభం అనులోమంగా పెరుగుతుంది. రక్షిత వలయంలో విలువలు మెరుగైతే లాభం ఘాతీయంగా పెరగవచ్చు. అందుకే ఈ దారిని మూసేయరాదు.

రక్షణ ఉచితంగా రాదు. అది కష్టాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి మారుస్తుంది. ట్రాన్స్‌మాన్ దాన్ని అసమతలోకి, సున్నా-పై దాన్ని తయారీలోకి, పిల్లి క్యూబిట్ దాన్ని దశలోకి, ఉపరితల సంకేతం దాన్ని సంఖ్యలోకి మార్చాయి. ఎక్కడికి మార్చితే మోయడం తేలికో ఎంచుకోవడమే రూపకల్పన. ‘రక్షిత క్యూబిట్’ అన్న మాట విన్నప్పుడు ఈ అయిదు ప్రశ్నలు అడగండి: ఏ నాయిస్ నుంచి? టి1నా, టి2నా, రెండూనా? ద్వారం ఎలా, ఎంత వేగంగా నడుస్తుంది? మొదలుపెట్టడం ఎలా? చెప్పిన విలువలు కాగితం మీదివా, కొలిచినవా?

1.9 ముఖ్య పదాలు

సడలింపు: పై స్థాయి నుంచి కింది స్థాయికి శక్తి కోల్పోయి పడటం.
అసమత: పక్కపక్క శక్తి మెట్ల ఎత్తుల మధ్య ఉండే తేడా.
తార్కిక క్యూబిట్: అనేక భౌతిక క్యూబిట్లలో పరచి, తప్పులు దిద్దుకుంటూ నిలిపే ఒక క్యూబిట్.
జోసెఫ్సన్ సంధి: పలుచని విద్యున్నిరోధక పొరతో వేరుచేసిన రెండు అతివాహకాల కూర్పు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – జవాబులు
1. అ) 72ను 8తో గుణిస్తే 576, వర్గమూలం 24. కాబట్టి సుమారు 4.2 శాతం. ఆ) 1.3 చివరి పేరా చూడండి.
2. అ) 5,000. ఆ) ట్రాన్స్‌మాన్ స్థితులు ఒకే లోయలో ఉండటం వల్ల మైక్రోవేవ్ సంకేతానికి దారి తెరిచే ఉంటుంది. అదే దారి సడలింపుకూ తెరిచి ఉంటుంది.

1.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఒకే చరరాశి ఉన్న వలయంలో రెండు రక్షణ షరతులూ ఒకేసారి తీరకపోవడానికి కారణాలు వివరించి, సున్నా-పై వలయం చూపిన పరిష్కారాన్ని విమర్శించండి.
2. ‘రక్షణ కష్టాన్ని తొలగించదు, చోటు మారుస్తుంది’ – ఈ అభిప్రాయాన్ని మూడు వలయాల ఆధారంగా చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 2021 సున్నా-పై ప్రయోగంలోని టి1, టి2 విలువలను బట్టి మీరు ఏ నిర్ణయానికి వస్తారు?
2. భౌతిక క్యూబిట్, తార్కిక క్యూబిట్ మధ్య తేడాను 156 క్యూబిట్ల యంత్రం ఉదాహరణగా రాయండి.
3. ఈ భాగంలో వాడిన లంకల పోలిక ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ సరిపోదు? మీ మాటల్లో చెప్పండి.